అర్జీ కాదు... ప్రశ్న!

పెద్దమందడిలో ఆ రిటైర్డ్ లెక్చరర్ ఇంటి అరుగు కింద అయిదారు జతల చెప్పులు కనిపిస్తే చాలు, ఇరుగుపొరుగుకి అర్థమైపోతుంది... ఏదో ఫెలోషిప్‌కి ఆఖరు తేదీ దగ్గరపడిందని! పట్నంలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక సొంతూరు చేరిన ఆయనకి ఇప్పుడు అదే వ్యాపకం. పీజీ పిల్లలు తెచ్చిన దరఖాస్తులు చదవడం, తప్పులు చెప్పడం.

ఆ ఆదివారం ఓ కుర్రాడు రెండు పేజీలు చేతిలో పెట్టాడు. నెట్ రాసి జేఆర్‌ఎఫ్‌ తెచ్చుకున్నాడు. ఇక నెలనెలా 37 వేలు వస్తాయని ఇంట్లో సంబరపడ్డారు. కానీ ఆ డబ్బు మొదలయ్యేది పీహెచ్‌డీలో చేరాకే. సీటు కోసం పరిశోధన ప్రతిపాదన రాసుకుని ఇంటర్వ్యూకి వెళ్లాలి. అప్పటికే రెండు చోట్ల కాదన్నారు. ''ఇంకెప్పుడు రా పైసలొచ్చేది?'' పుణె నుంచి ఫోన్ చేసినప్పుడల్లా తండ్రి అడిగే మాట అదే.

సార్ చదివారు. మొదటి పేజీ నిండా పేదరికమే. కరవు ప్రాంతం, కూలికెళ్లే అమ్మానాన్న, దయచేసి అవకాశం ఇవ్వమని వేడుకోలు. రెండో పేజీలో అంశం... 'పాలమూరు వలసలు - ఒక అధ్యయనం'.

''ఇది ఆఫీసుల ఇచ్చే అర్జీ లెక్కుంది బిడ్డా'' అన్నారు.

కుర్రాడి ముఖం చిన్నబోయింది. ''రాసింది నిజమే కద సార్!''

''నిజమే. కష్టం చూసి జాలిపడ్తరు. సీటు మాత్రం నువ్వు అడిగే ప్రశ్నను చూసి ఇస్తరు. మీ అమ్మానాయన పుణె పోతే నిన్ను ఎవరు సాదిండ్రు?''

''మా అవ్వ.''

''ఎట్ల సాదింది?''

కుర్రాడు చెప్పుకుంటూ పోయాడు. ముగ్గురు మనవలు, రెండు మేకలు. పైసలు రావడం ఆలస్యమైతే కిరాణా దుకాణంలో ఖాతా. బడిలో మీటింగుకీ ఆమే, జ్వరమొస్తే ఆస్పత్రికీ ఆమే. ''ఆమెకు మోకాళ్ల నొప్పులు సార్. మాకు ఎన్నడూ చెప్పలే...'' అక్కడ గొంతు ఆగిపోయింది.

కాసేపయ్యాక సార్ మెల్లగా అన్నారు. ''పోయినోళ్ల మీద శానామంది రాసిండ్రు. ఉండిపోయినోళ్ల సంగతి నువ్వు అడుగు. ఎన్ని ఊళ్లు తిరుగుతవ్, ఎంతమంది అవ్వలతోని మాట్లాడ్తవ్, ఏమేం రాసుకుంటవ్... అది పెట్టు.''

గోడ మీది అంబేద్కర్ పటం చూపించారు. 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్పు నెలకు పదకొండున్నర పౌండ్లు. దాంతో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుతూ 1916లో ఆయన సెమినార్‌లో చదివిన పత్రం భారతదేశంలో కులాల గురించే. తనని వెంటాడిన బాధనే ప్రశ్నగా మార్చుకున్నారు!

మిగతా పిల్లలకీ సార్ చెప్పేది కొంచెమే. సిఫారసు ఉత్తరం కోసం గురువుని నెల ముందే అడగాలి. కుల, ఆదాయ ధ్రువపత్రాల తేదీలు సరిచూసుకోవాలి. పక్కవాడి ప్రతిపాదన దించకూడదు. రాసింది మరొకరితో చదివించాలి.

ఆ రాత్రి కుర్రాడు అవ్వ మంచం పక్కనే కూర్చుని ఒక్కొక్కటే అడుగుతూ మళ్లీ రాశాడు.

''ఇవన్నీ ఎందుకు రా?''

''ఫెలోషిప్పు కోసం అవ్వా.''

''నా మోకాళ్ల నొప్పికి గూడ పైసలిస్తరా!'' అవ్వ నవ్వింది.

ఇంటర్వ్యూ వచ్చే వారం. సీటు వస్తుందో రాదో! కాగితంలో మాత్రం ఈసారి 'దయచేసి' అన్న మాట లేదు.