చప్పుడొక చోట, జబ్బొక చోట

విజయవాడలో ఎముకల డాక్టరుగా ఉన్నవాడి దగ్గరికి ఆటోనగర్ పేషెంట్లు రాక మానరు. రోజంతా కారు కింద దూరి, గొంతుక్కూర్చుని పని చేసేవాళ్ళు. నడుములు, భుజాలు, మోకాళ్ళు వాళ్ళ జబ్బులు. అయితే వాళ్ళు బాధ చెప్పుకునే పద్ధతి నాకు ఇష్టం. మిగతావాళ్ళు ‘మోకాలు నొప్పండీ’ అని ఊరుకుంటారు. మెకానిక్ మాత్రం మెట్లెక్కేటప్పుడా దిగేటప్పుడా, బరువు పడితేనా ఊరికేనా అన్నీ అడక్కుండానే చెబుతాడు.

ఆమధ్య ఒక కుర్రాడొచ్చాడు. కూర్చుని లేచినప్పుడల్లా రెండు మోకాళ్ళూ టకటకమంటున్నాయట. నొప్పి లేదు, వాపు లేదు. చేతిలో మాత్రం ఎమ్మారై కవరుంది. అందులో మోకాలిచిప్ప వెనక మృదులాస్థి కాస్త పలచబడిందని రాసి ఉంది. ఇలాంటి రాతలు ఏ బాధా లేనివాళ్ళ ఫిల్ముల్లోనూ బోలెడు కనిపిస్తాయి. చిప్ప మీద అరచెయ్యి ఆనించి కాలు మడవమన్నాను. చేతికి సన్నని గరగర తగిలింది, అంతే. కీలు ద్రవంలో గాలి బుడగ ఏర్పడినా, స్నాయువు ఎముక మీదుగా జారినా చప్పుడవుతుంది. కాలిఫోర్నియా వైద్యుడు డొనాల్డ్ ఉంగర్ సుమారు 50 ఏళ్ళ పాటు ఎడమచేతి వేళ్ళు మాత్రమే విరుచుకుని, చివరికి ఏ చేతికీ కీళ్ళవాతం రాలేదని 1998లో ఒక వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగంతో ఏదీ రుజువు కాదనుకోండి, ఆ ఓపికకు మాత్రం దణ్ణం పెట్టాలి.

“కారు విషయంలోనూ ఇలాగే అయిందండీ. షాక్‌అబ్జార్బర్లు రెండూ మార్పించినా చప్పుడు పోలేదు” అన్నాడు కుర్రాడు. పొట్టి స్ప్రింగులు వేయించి కారును కిందికి దించాడట, రబ్బరు బుష్‌లు కొన్ని తీయించి పాలీయూరిథేన్‌వి పెట్టించాడట. నా పాత పేషెంటు, ఆటోనగర్ మేస్త్రి ఒకాయన దగ్గరికి పంపాను. సరదా కొద్దీ నేనూ వెళ్ళాను.

మేస్త్రి పానా ముట్టుకోలేదు. “చప్పుడెప్పుడొస్తాది బాబూ?” అన్నదే మొదటి ప్రశ్న. స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ కలిసి ఎక్కితే లేదు, ఒక్క చక్రం గుంతలో పడితే టక్కుమంటుంది. అప్పుడే ఆయనకు సగం తెలిసిపోయింది. రెండు పక్కలా ఒకేసారి లేస్తే స్టెబిలైజర్ బార్ మెలిపడదు, ఒక పక్కే లేస్తే దాని లోడంతా లింక్ రాడ్ల మీద పడుతుంది. కారును నేల మీదే ఉంచి, కుర్రవాడొకణ్ణి ఊపమని, తను చక్రం వెనక చెయ్యి పెట్టి లింక్ రాడ్ తలను వేళ్ళతో పట్టుకున్నాడు. “ఇదిగో, కొడతంది. మీరూ చూడండి సార్” అన్నాడు. చూశాను. చెవికి చప్పుడు డ్యాష్‌బోర్డు దగ్గర వినిపిస్తోంది, వేలికి మాత్రం దెబ్బ అక్కడే తెలుస్తోంది. ఇనుము చప్పుడును ఎక్కడికైనా మోసుకుపోతుంది.

దాంతోపాటు వస్తున్న కీచు శబ్దం వేరే జబ్బు. రబ్బరు బుష్ తన స్లీవుకు అతుక్కుని ఉంటుంది, ఆర్మ్ కదిలితే రబ్బరే మెలితిరుగుతుంది. పాలీ బుష్ అలా కాదు, స్లీవు మీద తిరుగుతుంది. గ్రీజు ఆరిపోతే అరుస్తుంది. మేస్త్రి దాన్ని ఊడదీసి, మామూలు గ్రీజు కాకుండా సిలికాన్ గ్రీజు పట్టించాడు. మిగిలిన రబ్బరు బుష్‌ల బోల్టులు వదులు చేసి, కారు బరువు చక్రాల మీద ఉండగానే మళ్ళీ బిగించాడు. పాత ఎత్తులో బిగించిన బోల్టును అలాగే వదిలేసి కారును దించితే రబ్బరు రాత్రింబవళ్ళు మెలిపడే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. కారు దించినవాడికి ఈ సంగతి తట్టలేదు. షాకులు అమ్మినవాడు అసలు కారు కిందికి తొంగిచూడనేలేదు.

ఇంతటి మేస్త్రీ తన సొంత మోకాలి దగ్గర బోల్తా పడ్డాడు. కుడి మోకాలు నొప్పని ఏడాదిపాటు నూనెలు రాసుకుని, ఇంజక్షన్లు చేయించుకుని, ఆ తర్వాత నా దగ్గరికొచ్చాడు. మోకాలిని ఎటు వంచినా బాధ లేదు. తొడ పైకి మడిచి పాదాన్ని బయటికి తిప్పగానే, అంటే తుంటి కీలు లోపలికి తిరగ్గానే, బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. అరిగింది తుంటి. ఆ కీలుకూ మోకాలికీ ఒకే నరం కొమ్మలు వెళతాయి కాబట్టి నొప్పి కింద పలుకుతుంది. “డ్యాష్‌బోర్డు చప్పుడన్నమాట” అని తనే నవ్వాడు.

మార్చిన కీళ్ళూ ఒక్కోసారి అరుస్తాయి. సిరామిక్ తుంటి వేయించుకున్న కొందరిలో కీచుమనే శబ్దం వస్తుంది. గిన్నె అమరిన కోణం, బంతి దాని అంచు మీద ఒరుసుకోవడం ముఖ్య కారణాలు. నొప్పి లేకపోయినా ఎక్స్‌రే తీసి చూడవలసిందే, సిరామిక్ పగిలే ప్రమాదం అరుదైనా లేకపోలేదు.

సొంత మోకాలైతే, ఉత్త చప్పుడుకు స్కాను అవసరం లేదు, తొడ కండరాలకు వ్యాయామం చాలు. కాలు వంగిన చోటే ఇరుక్కుపోయినా, వాచినా, నడుస్తుంటే మోకాలు పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. వచ్చేటప్పుడు ఫిల్ములకన్నా ముందు, ఏం చేస్తే బాధ వస్తోందో గమనించి రండి.