షిప్పుల వారం రోజులు, సైటు మీద ఒక లీవు

చాన రోజులైంది రాయక. ఇది కొంచెం పెద్దగనే ఉంటది. ఇక్కడోళ్లు స్మోకో టైముల, గల్ఫోళ్లు రాత్రి రూముకు వచ్చినంక చదువుకోండ్రి.

మొన్న షిప్పు మీద దిగిన ఫోటోలు పెడితే చానమంది అడిగిండ్రు, "లాటరీ తగిలిందా అన్నా?" అని. తగల్లేదు. అమెరికాల ఉండే మా బామ్మర్ది మయామి నుంచి కరీబియన్ దీవులకు వారం రోజుల క్రూజ్ పోయొచ్చి వీడియోలు పంపిండు. అవి చూసి మా పిల్లలు పట్టుబట్టిండ్రు. మనకు కరీబియన్ ఎక్కడ, భూమికి అవతలి పక్క. కానీ సిడ్నీ నుంచి కూడా అసొంటి షిప్పులే పసిఫిక్ దీవులకు పోతయి. కిటికీ లేని లోపలి గది తీసుకుంటే మనిషికి వెయ్యి డాలర్లకు కొంచెం అటూ ఇటూ పడ్డది. పడక, తిండి, ఆటపాటలు, టిప్పులు అన్నీ అందులనే.

పెండ్లయి పంతొమ్మిదేండ్లు. అందుల తొమ్మిదేండ్లు మేము దుబాయిల రాడ్ కట్టినం. రెండేండ్లకు ఒకసారి రెండు నెలల సెలవు. ఆ రెండు నెలలు కూడా చుట్టాల పెండ్లిళ్లు, బాకీలు, ఇంటి గోడలకే పోయినయి. తర్వాత 2012ల ఆస్ట్రేలియా వచ్చినం. ఇన్నేండ్లల్ల మా ఇంటామెతోని కలిసి ఒక్కటంటే ఒక్క ఊరు చూడలే. అందుకే ఈసారి ఏప్రిల్ బడి సెలవులకు బుక్ చేసినం.

పోయే ముందటి సంగతి ఒకటి చెప్పాలె. అది చెప్పకుంటే ఈ రాతకు అర్థం లేదు.

మా సైటు మీద నిజామాబాద్ దిక్కు పిలగాడు ఒకడు ఉన్నడు. రాడ్ పని మంచిగ చేస్తడు. మేము షిప్పు ఎక్కే వారం ముందు వచ్చి, "అన్నా, అమ్మకు గర్భసంచి ఆపరేషన్ ఉంది, పదిహేను రోజులు పోయొస్తా" అన్నడు. ఆ శుక్రవారం స్లాబు పోసేది ఉంది. అప్పటికే ఇద్దరు మనుషులు తక్కువ. "స్లాబు అయినంక పో తమ్మీ" అన్నం. మల్ల అడగలే. తల ఊపి పనిలకు పోయిండు. మా సెలవు కాగితం మీద మాత్రం మూడు నెలల ముందే సంతకం అయి ఉండె.

ఇగ షిప్పు ముచ్చట.

సర్క్యులర్ కీ కాడ ఎక్కినం. పదంతస్తుల బిల్డింగు కంటే ఎత్తు ఉంది, నీళ్ల మీద నిలబడ్డది. మూడు వేల మంది ప్రయాణికులు, పనిచేసేటోళ్లు వెయ్యి మందికి పైన. కదలక ముందే అందర్నీ ఒక కాడికి పిలిచి, లైఫ్ జాకెట్ ఎట్ల వేసుకోవాలె, ఏ మెట్ల మీదికెల్లి పోవాలె అని చెప్పిండ్రు. మా కొడుకు నవ్విండు, "డాడీ, నీ సైట్ ఇండక్షన్ లెక్కనే ఉంది." నవ్వే ముచ్చట కాదురా అన్నం. 2012ల ఇటలీ కాడ కోస్టా కాంకోర్డియా అనే షిప్పు రాళ్లకు కొట్టుకొని ఒరిగి 32 మంది పోయిండ్రు. చానమందికి అప్పటికి డ్రిల్లే చెయ్యలే. దాని తర్వాతనే షిప్పు కదలక ముందు డ్రిల్ కావాలని రూలు గట్టిగ పెట్టిండ్రు. మన సైట్ల మీద గూడ అంతే గదా, ప్రతి రూలు వెనుక ఎవరో ఒకరు పోయి ఉంటరు.

పై అంతస్తు మీదికెల్లి చూస్తే ఒక దిక్కు హార్బర్ బ్రిడ్జి, ఇంకో దిక్కు ఒపెరా హౌస్. అందరూ సెల్ఫీలు దిగుతుంటే మా ఇంటామెకు మేము పని ముచ్చట్లే చెప్పినం. బ్రిడ్జి 1932ల తెరిచిండ్రు, కట్టేటప్పుడు 16 మంది పనోళ్లు చనిపోయిండ్రు. ఒపెరా హౌస్ మీద పది లక్షలకు పైన పెంకులు ఉన్నయి, 1973ల తెరిచిండ్రు. "నీకు ఏది చూసినా కూలోళ్లే కనబడతరా" అన్నది. ఏం చేస్తం, కండ్లు అట్ల అలవాటైనయి.

హార్బర్ దాటి బయటి సముద్రంల పడ్డంక ఊపుడు మొదలైంది. మొదటి రాత్రి మా బిడ్డ రెండుసార్లు కక్కింది. తెల్లారేసరికి సర్దుకున్నది. రెండు రోజులు చుట్టూ నీళ్లే, ఒడ్డు కనబడదు. తినుడు, ఈతకొలనుల మునుగుడు, రాత్రి డాన్సు చూసుడు. మొదటి రోజు మాకు కాళ్లు చేతులు ఆడలే. పొద్దున నాలుగున్నరకే మెలకువ వచ్చింది. పనిలేకుండ కూసునుడు గూడ నేర్చుకోవాల్సిన పనే అని తెలిసింది.

రెండో రోజు పొద్దున మా ఇంటామె లేవంగనే దుప్పట్లు మడతపెట్టి, బాత్రూం తుడిచి, చెత్త మూటగట్టి తలుపు కాడ పెట్టింది. గది చూసుకునే తమ్ముడు ఇండోనేషియా అతను. సంతోషపడతడు అనుకున్నం. అతని ముఖం చిన్నబోయింది. "మేడం, నా పని బాగలేదా?" అని అడిగిండు. అతని పని చూసి పోను మీద ఒక సూపర్‌వైజర్ ఉంటదట. గది అతను చెయ్యలేదని తెలిస్తే మాట పడతడట. మా ఇంటామె ఆ రోజు నుంచి దుప్పటి ముట్టలే. కానీ అతను వచ్చినప్పుడల్లా లేచి నిలబడేది. మేము మాత్రం ఆ మాట దగ్గరనే ఆగిపోయినం. సైటు మీద మేము నడిచిపోతుంటే కూడా ఎవడో ఒకడు అట్లనే చూస్తుంటడు గదా, ఈయన ఏమంటడో అని.

అన్నం కాడ మాకు వడ్డించే పిలగాడు మన తెలుగోడే, శ్రీకాకుళం జిల్లా. మేము మాట్లాడుకునేది విని, "మీరు తెలుగోళ్లా అన్నా?" అన్నడు. ఇంట్ల చేసిన తిండి షిప్పులకు రానియ్యరు కాబట్టి మా ఇంటామె మామిడి తొక్కు ఇంట్లనే విడిచి వచ్చింది. ఆ ముచ్చట విని, ఆ పూట నుంచి మాకు పెరుగు, పచ్చి మిరపకాయలు, ఉల్లిగడ్డ ముక్కలు అడగకముందే వచ్చేటివి. "అక్కా, ఇంకో గరిట వేయించుకోండి" అని బతిమాలేటోడు.

ఎనిమిది నెలల కాంట్రాక్టు అతనిది. వారానికి ఏడు రోజులు పని. సముద్రం మీద పనిచేసేటోళ్లకు 2013 నుంచి అమలుల ఉన్న అంతర్జాతీయ ఒప్పందం ఉంది. దాని లెక్కల ఒకటి ఏందంటే, రోజుకు కనీసం 10 గంటలు, వారానికి 77 గంటలు విశ్రాంతి ఇయ్యాలె. తిప్పి చదివితే రోజుకు 14 గంటల దాకా పని ఉండొచ్చు అన్నట్టు. మనకు ఇక్కడ వారానికి 38 గంటలు లెక్క, పైన చేస్తే ఓవర్‌టైమ్. మనమే ఒళ్లు నొప్పులంటం.

మన తమ్ముళ్ల కోసం అతన్ని ఇంకోటి అడిగినం, ఈ పనికి ఎట్ల రావాలె అని. సీడీసీ బుక్కు ఉండాలె, సేఫ్టీ ట్రైనింగు ఉండాలె. ఏజెంటుకు మన డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ఎల్ లైసెన్సు ఉందో లేదో ముందు చూసుకోవాలె. అదే ఒప్పందం ప్రకారం నౌకరి ఇప్పిచ్చినందుకు పనోని దగ్గర కమీషన్ తీసుకోవద్దు. లక్షలు అడిగినోడు మోసగాడే అనుకోండ్రి. మన ఊర్లల్ల వీసా పేరు మీద ఎంతమంది మునిగిండ్రో మీకు చెప్పనక్కర లేదు.

నాలుగో రోజు న్యూ కాలెడోనియాల నూమియా. ఫ్రెంచోళ్ల పాలన, ఫ్రెంచి భాష. ఎర్రమట్టి కొండలు, అందుల నికెల్ గనులు. ఐదో రోజు లిఫూ దీవి. అక్కడ షిప్పు ఒడ్డుకు ఆనదు, లోపల లంగరేసి చిన్న పడవలల్ల దింపుతరు. కొండ అంచు మీద చిన్న చర్చి, కింద అద్దం లెక్క నీళ్లు. పూల పూల గౌన్లు వేసుకున్న కనక్ ఆడోళ్లు కొబ్బరి బోండాలు అమ్ముతున్నరు. మా ఇంటామె కాళ్లు నీళ్లల్ల పెట్టి గంటసేపు కూసున్నది. ఏం మాట్లాడలే. మేము గూడ పక్కకు కూసున్నం. ఆ ఒక్క గంటకు మొత్తం పైసలు వెళ్లినయి అనుకోండ్రి.

మా బిడ్డ బడిల చదివిన పాఠం ఆ ఒడ్డు మీద చెప్పింది. 1863 నుంచి 1904 దాకా పసిఫిక్ దీవుల నుంచి దగ్గర దగ్గర 62 వేల మందిని క్వీన్స్‌లాండ్ చెరుకు తోటలకు తీసుకపోయిండ్రట. కొందరిని మాయమాటలు చెప్పి, కొందరిని ఎత్తుకపోయి. అదే కాలంల మన దేశం నుంచి గూడ 1879 నుంచి 1916 దాకా అరవై వేల మందిని గిర్మిట్ కాగితం మీద ఫిజీకి తోలిండ్రు. 1903 నుంచి మద్రాసు రేవుల ఎక్కినోళ్లల్ల మన తెలుగోళ్లు గూడ ఉన్నరు. ఐదేండ్ల కాగితం, మధ్యల ఇంటికి పోయేది లేదు. అమ్మ సచ్చినా, అయ్య సచ్చినా కబురు వచ్చేసరికి నెలలు. ఇదే సముద్రం.

ఆ మాట విన్నంక మాకు నిజామాబాద్ పిలగాడు యాదికొచ్చిండు. అయినా ఏం చెయ్యలే. సెలవుల ఉన్నం గదా అనుకున్నం.

ఆరో రోజు మధ్యాహ్నం అన్నానికి పోతే మన శ్రీకాకుళం తమ్ముడు లేడు. అతని మీద ఉండే హెడ్ వెయిటర్, ఫిలిప్పీన్స్ ఆమె, యాభైకి దగ్గర ఉంటది, ఆమెనే పళ్లెం పట్టుకొని మా బల్లలకు వడ్డిస్తున్నది. మా ఇంటామె గాబరా పడి, పాణం బాగలేదా అని అడిగింది. ఆమె నవ్వి చెప్పింది. ఊర్ల అతని బిడ్డకు అన్నప్రాసన. ఇండియాల పొద్దున తొమ్మిది, షిప్పుల ఒకటిన్నర. సరిగ్గ అన్నాల టైము. అతను అడగలేదట. ఫోన్ దిక్కు చూసుకునుడు చూసి ఆమెనే అడిగి తెలుసుకున్నదట. "రెండు గంటలే గదా, ఆరు బల్లలే గదా, నేను మోస్త" అన్నదట. ఆమె పిల్లలు పెరిగేటప్పుడు ఆమె గూడ షిప్పుల మీదనే ఉన్నదట.

మాకు ముద్ద దిగలే.

2008ల మేము దుబాయిల ఉన్నప్పుడు మా నాయిన పోయిండు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉండె. ఫోర్‌మెన్ కాళ్ల మీద పడ్డంత పని చేసినం. ఆయన ఏమన్నడో ఇప్పటికీ చెవులల్ల ఉంది. "స్లాబు అయినంక పో." పదకొండు రోజులకు పోయినం. అప్పటికి దినవారాలు గూడ ముగిసినయి. మా తమ్ముడు కొరివి పెట్టిండు. పదేండ్లు ఆ ఫోర్‌మెన్‌ను తిట్టుకున్నం. ఇప్పుడు అదే మాట, ఒక్క ముక్క పోకుండ, మా నోటికెల్లి వచ్చింది. ఎవరూ నేర్పలే. కుర్చీ మారంగనే అదే వచ్చింది.

నడి సముద్రంల, బయటికెల్లి ఒక్క మనిషి రాను వీలు లేని కాడ, ఆమెకు రెండు గంటలు దొరికినయి. గంట దూరంల ఏర్‌పోర్టు ఉన్న కాడ, ఫోన్ చేస్తే మనుషులు దొరికే కాడ, మాకు దొరకలే.

ఆ రాత్రే ఒక రోజు వైఫై కొని పిలగానికి మెసేజ్ పెట్టినం. "రేపే టికెట్ తీసుకో, పైవాళ్లతోని మేము మాట్లాడతం." అరగంటకు జవాబు వచ్చింది. "మొన్ననే అయిపోయింది అన్నా. అమ్మ బాగుంది. షెడ్డుల కూసొని వీడియోల చూసిన." దాని కింద ఇంకో లైను. "శుక్రవారం స్లాబు గూడ లేదు అన్నా. వాన ఉందట, వచ్చే వారానికి జరిపిండ్రు."

శనివారం పొద్దున సిడ్నీల దిగినం. సోమవారం సైటుకు పోయి, పిలగాన్ని పక్కకు పిలిచి తప్పైంది తమ్మీ అన్నం. ఇరవై ఏండ్ల సైట్ల మీద ఆ మాట ఎవరితోని అనలే. లీవు కాగితం ముందు పెడితే, "ఇప్పుడెందుకన్నా, బతుకమ్మకు పోత. అప్పుడు కాదనొద్దు" అన్నడు. తేదీలు రాయించి అప్పుడే సంతకం చేయించినం.

సూపర్‌వైజర్ పని చేసే అన్నలకు ఒక మాట. ఇక్కడి చట్టం ప్రకారం పర్మనెంట్‌గ ఫుల్ టైము చేసేటోనికి ఏడాదికి నాలుగు వారాలు జీతంతోని సెలవు. అడిగితే సరైన కారణం లేకుండ కాదనొద్దు. ఒంట్లో బాగలేకుంటే, ఇంట్ల మనిషిని చూసుకోవాల్సి వస్తే పది రోజుల లీవు వేరే. క్యాజువల్ వాళ్లకు జీతంతోని ఇవి రావు. పిలగాండ్లకు ఈ లెక్క తెల్వదు, మనకు తెలుసు. మాకు గూడ ఆ రోజు తెలుసు.

షిప్పుకు పోవాలనుకునేటోళ్లు పోండ్రి, ఇంటోళ్లను తీసుకొని పోండ్రి. ముందు మీ పాస్‌పోర్టుకు ఏ రేవుల వీసా కావాలె, తిరిగి ఆస్ట్రేలియాల అడుగు పెట్టను మీ వీసా పనికొస్తదా అని అడుగుండ్రి. సముద్రం మీద ఫోన్ ఫ్లైట్ మోడ్‌ల పెట్టుండ్రి, లేకుంటే బిల్లు వాచిపోతది. దుప్పటి మాత్రం మడతపెట్టకండ్రి. వచ్చిన మనిషికి పేరు పెట్టి నమస్తే చెప్పుండ్రి, చాలు.

బతుకమ్మ పండుగకు పిలగాడు పోతడు. ఆ వారం స్లాబు ఉంటే మేమే రాడ్ కడతం. చేతులు ఇంకా పని మరువలే.

ఉంటం మరి.