ఉంగరం వేలికా, లాకరుకా?

నిశ్చితార్థానికి ఉంగరం చేయించేటప్పుడు మనవాళ్లు ముందు చూసేది రాయి ఎంత పెద్దదని. ఆ తర్వాత ఫోటోలో ఎలా పడుతుందని. ఆ వేలు రోజంతా ఏం పని చేస్తుందో అడిగినవాళ్లని మీరెప్పుడైనా చూశారా? అందుకేనేమో, మనలో చాలామంది ఉంగరాలు పెళ్లైన ఏడాదికే బ్యాంకు లాకర్లో నిద్రపోతుంటాయి.

మా పెద్దవాడికి సంబంధం కుదిరాక ఉంగరం పని నామీద పడింది. రాయి కొనక్కర్లేదు. మా అత్తగారి ఏడురాళ్ల దుద్దుల్లో ఒకటి ఎప్పుడో ప్రయాణంలో పోయింది. రెండోది ఆవిడ కుంకుమభరిణెలో దాచి, పోయేముందు "నా మనవడి పెళ్లానికి" అంటూ నా చేతిలో పెట్టారు. దాని నడిమి రాయి విప్పించి తూయిస్తే 35 సెంట్లు ఉంది. వంద సెంట్లయితే ఒక క్యారెట్, అంటే 200 మిల్లీగ్రాములు. బంగారానికి చెప్పే క్యారెట్ స్వచ్ఛత లెక్క, వజ్రానికి చెప్పేది బరువు లెక్క. రెండూ కలిపేసుకోకండి.

పాత నగల్లో రాయి వెనకంతా బంగారంతో మూసేసేవారు. విప్పాక గానీ అసలు రంగు తెలియదు. మాదాంట్లో కాస్త పసుపు ఛాయ బయటపడింది. "తెల్ల బంగారంలో పెడితే కనపడుతుందమ్మా, పచ్చ బంగారంలో కలిసిపోతుంది" అన్నాడు కొట్టాయన. నిజమే!

మావాడికేమో నలుచదరపు రాయి కావాలి. ప్రిన్సెస్ కట్ అంటారే, అది. గుండ్రటి రాయిని మళ్లీ సానబట్టిద్దామన్నాడు. మన కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికిందని చెప్పుకునే కోహినూరునే 1852లో లండన్‌లో తిరిగి సానబట్టిస్తే, 186 క్యారెట్లది 105కి దిగింది. ఇక మా 35 సెంట్లకి మిగిలేదేమిటి? పైగా వజ్రం ఎంత గట్టిదైనా దెబ్బకి పెచ్చు లేస్తుంది. నలుచదరానికి మూలలు, నీటిబొట్టు ఆకారానికి మొన, అవే ముందు పోయేవి. కొత్తగా కొనేవాళ్లకైతే కోలరాయి మంచిది. అదే బరువులో కాస్త పెద్దదిగా కనిపిస్తుంది, వేలూ పొడుగ్గా అనిపిస్తుంది.

ఆకారం సంగతి తేలాక పొదగడం దగ్గర అసలు గొడవ మొదలైంది. మా ఆడపడుచు "రాయి ఎత్తుగా నిలబడాలి వదినా, నలుగురికీ కనపడాలి" అని పట్టుబట్టింది. అంటే నాలుగో ఆరో సన్నటి బంగారు కొక్కేలు రాయిని పైకెత్తి పట్టుకుంటాయి. వెలుతురు అన్నివైపులా తగిలి బాగా మెరుస్తుంది, కాదనను. కానీ పెట్టుకోబోయే పిల్లని ఒక్కమాట అడుగుదామన్నాను. "పెళ్లికూతుర్ని అడుగుతారా ఎక్కడైనా?" అని ఆవిడ మూతి ముడుచుకుంది.

నేను ఫోన్ చేశాను. "మీ ఇష్టం అత్తయ్యా" అంది ముందు. "నా ఇష్టం నా వేలికి. ఇది నీ వేలికి కదమ్మా" అన్నాక చెప్పింది. ఆ పిల్ల మగ్గం వర్కు చేస్తుంది. "కొక్కెం పట్టుదారానికి తగిలితే పోగు లేచిపోతుంది అత్తయ్యా. జాకెట్టు ఎవరిదో, డబ్బులు కట్టుకోవాల్సింది నేను. పొద్దున తీసి రాత్రి పెట్టుకోవాలి" అంది. చూశారా, మేమంతా పెద్దరికంగా నిర్ణయించేసి ఉంటే ఆ ఉంగరం డబ్బాలోనే ఉండేది!

చివరికి రాయి చుట్టూ నున్నటి బంగారు అంచు కట్టించి, వేలికి ఆనుకునేలా పొదిగించాం. దీన్ని బెజెల్ అంటారు. మెరుపు పిసరు తగ్గిన మాట నిజం. దారం మాత్రం తగలదు, దోసెపిండీ ఇరుక్కోదు. వెనక మూయించవద్దన్నాను, లోపల చేరే మురికి గోరువెచ్చటి సబ్బునీళ్లలో మెత్తటి బ్రష్షుతో పోతుంది. బంగారం 18 క్యారెట్లదే తీసుకున్నాం, 22 మెత్తన. హాల్‌మార్క్ బంగారానికేనండోయ్, వజ్రానికి కాదు. రాయి కొనేవాళ్లు దానికి వేరే సర్టిఫికెట్ అడగండి. కొలత సాయంత్రంపూట ఇప్పించండి, పొద్దుటికన్నా అప్పుడు వేళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి.

మిగిలిన ఆరు రాళ్లూ మళ్లీ కుంకుమభరిణెలోకే వెళ్లాయి. వాటిమీద మా ఆడపడుచు కన్ను అప్పుడే పడింది.