సూది గుచ్చని అతుకు

హైదరాబాద్‌లోని ఒక మైక్రోసర్జరీ శిక్షణశాలలో ఆ రోజు పాఠం కోడికాలి మీద. తొడ కండల మధ్య నుంచి తెల్లటి నరాన్ని పైకి తీసి, సర్జన్‌ మధ్యకు తెగ్గోశారు. ‘‘ఇక అతకండి’’ అన్నారు.

నన్నూ మైక్రోస్కోపులో చూడమన్నారు. పైన పల్చటి తొడుగు, లోపల మెత్తటి పోగుల కట్టలు. కుట్టే దారం 10-0 నైలాన్‌, మందం 0.03 మిల్లీమీటరైనా ఉండదు. సూది తొడుగు దాటి లోపలికి దిగకూడదు. ఒక విద్యార్థిని ముడి కాస్త బిగించగానే కట్టలు వంగి పక్కకు పొడుచుకొచ్చాయి.

‘‘విప్పి మళ్ళీ వెయ్యమ్మా. దారి తప్పిన పోగులు గడ్డ కడతాయి. అక్కడ తాకితే మనిషి విలవిల్లాడతాడు’’ అన్నారాయన.

కలిపే సూదే గాయం చేస్తోంది. జిగురు మీద ఆశంతా అందుకే. రక్తం గడ్డకట్టే తీరునే అనుసరించే ఫైబ్రిన్‌ జిగురు చాలాకాలంగా వాడుకలో ఉంది. క్షణాల్లో అంటుకుంటుంది, లాగితే మాత్రం ఊడుతుంది. సయనోఅక్రిలేట్‌ గట్టిగానే పట్టుకుంటుంది. కానీ బిరుసెక్కి కణజాలానికి చేటు చేస్తుంది. కావలసింది తడిలోనూ అంటుకుని, నరంతోపాటు సాగి, పని అయ్యాక కరిగిపోయే పాలిమర్‌. అదీ బయటి తొడుగుకే అంటాలి. కోసిన కొసల మధ్యకు జారితే పోగుల దారికి అదే అడ్డుగోడ.

అలాంటిదొకటి అమెరికాలో రాబర్ట్‌ లాంగర్‌, జెఫ్రీ కార్ప్‌ల పరిశోధనల్లో పుట్టింది. గ్లిజరాల్‌కు, మన ఆముదం నుంచి తీసే సెబాసిక్‌ ఆమ్లాన్ని జోడించి చేసిన పాలిమర్‌ దానికి మూలం. కాంతి పడితే గట్టిపడుతుంది. పారిస్‌ సంస్థ టిస్సియం దాన్ని నరానికి వాడింది: తెగిన రెండు కొసలనూ కరిగిపోయే చిన్న గొట్టంలో ఎదురెదురుగా ఉంచి, జిగురు వేసి, వెలుగు చూపుతారు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. వేలి నరాలు తెగినవారి మీద జరిపిన పరీక్షలో ఏడాది దాకా గమనించిన 12 మందీ వేలిని పూర్తిగా ముడవగలిగారు, చాచగలిగారు. సంఖ్య చిన్నదే, దారి మాత్రం సరైనదని నా నమ్మకం.

అయితే ఏ జిగురూ నరాన్ని పెంచదు. నరం తనంతట తానే రోజుకు సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. మణికట్టు దగ్గర తెగితే వేలి కొసకు స్పర్శ చేరడానికి ఆరు నెలలైనా పడుతుంది.

‘‘గాజో, కత్తో, మాంజానో తగిలి తెగితే చర్మానికి కుట్లు వేయించుకుని ఇంటికి పోతారు. నెలల తర్వాత మా దగ్గరికొస్తారు’’ అన్నారు సర్జన్‌ బాధగా. కొత్త జిగురు మన ఊళ్ళకు ఎప్పుడొచ్చినా, కోత పడ్డ వేలు మొద్దుబారితే ఆ మాట డాక్టరుకు ఆ రోజే చెప్పాలి.