మీ ఊరి కుండ పేరేంటి?

జపాన్‌లో కారేసుకుని ఊళ్లు తిరిగేవాళ్ల నోట తరచూ వినపడే మాట ‘మిచి నో ఎకి’. మిచి అంటే దారి, ఎకి అంటే స్టేషను. రైలుకు స్టేషను ఉన్నట్టే రోడ్డుకూ ఒక స్టేషను అన్నమాట. కారు ఆపుకోవడానికి చోటు, శుభ్రమైన టాయిలెట్లు... ఈ రెండూ రాత్రీ పగలూ ఉచితంగా ఉండాలి. దారి గురించీ ఊరి గురించీ చెప్పే ఏర్పాటు ఉండాలి. దాంతోపాటు చుట్టుపక్కల వాళ్లు తమ పంటలూ చేతిపనులూ అమ్ముకునే కొట్టు ఒకటి దాదాపు ప్రతిచోటా ఉంటుంది. 1993లో 103 స్టేషన్లతో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు 1,200 దాటింది. ఒకచోట చేపలకు పేరు, ఇంకోచోట పుచ్చకాయలకు పేరు. ఫుకుఒక ప్రాంతపు కొండల్లో, తోహో అనే గ్రామంలో ఉన్న కొయిషివర స్టేషనుకు మాత్రం మట్టిపాత్రల వల్ల పేరు.

నేను ఫుకుఒక సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వచ్చి మూడేళ్లు. అక్కడికి వెళ్లాలనుకోవడానికి నాకు సొంత కారణం ఒకటుంది. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. మా తాత కుమ్మరి. నాన్న పదహారేళ్లకే సారె వదిలేసి లారీ ఎక్కాడు. ఆ లారీ డబ్బులతోనే నేను బీటెక్ చదివాను. బాబాయ్ ఒక్కడే ఇంకా కుండలు చేస్తున్నాడు. ఆయన కొడుకు డిప్లొమా పూర్తిచేసి, ఉద్యోగం వద్దు, సారె దగ్గరే కూర్చుంటానంటున్నాడు. బాబాయ్ నాకు ఫోన్ చేశాడు. “నువ్వు చెప్తే వింటాడ్రా. హైదరాబాద్ పొమ్మని గట్టిగా చెప్పు. కుండలు చేసేవాడికి పిల్లనెవడిస్తాడు చెప్పు?”

ఏం చెప్పాలో తేలకుండానే నవంబరులో ఒక శనివారం బయల్దేరాను. వరంగల్ ఫ్రెండ్ కారు తీశాడు. గంటన్నర ప్రయాణం. అసకుర దాటేదాకా రోడ్డు పక్కన నారింజరంగు పండ్ల తోటలు. ఆ పండు పేరు ‘కకి’. “కాకి పండ్లు కిలో ఎంత బ్రో?” అంటూ దారంతా మావాడి జోకులు. ఆ తర్వాత కొండ ఎక్కడం. మలుపులు, నిటారు చెట్లు, చలి. సుమారు రెండు వేల జనం ఉన్న గ్రామం అది. మన దగ్గర ఒక మాదిరి పల్లెకే అంతకంటే ఎక్కువ ఉంటారు. అలాంటి చోట నలభైకి పైగా కుమ్మరి కుటుంబాలు ఈ రోజుకీ పని చేస్తున్నాయి.

స్టేషను లోపల ఒకవైపు కూరగాయలు, పచ్చళ్లు. ముల్లంగి కట్ట మీద కూడా పండించిన రైతు పేరున్న చీటీ ఉంది. మిగతా కొట్టంతా మట్టిపాత్రలే. కంచాలు, అన్నం గిన్నెలు, టీ కప్పులు, కూజాలు. ఏ బట్టీవాళ్ల పాత్రలు ఆ బట్టీ పేరు కింద ఉన్నాయి. ఒకే ఊరి మట్టి, దాదాపు ఒకే రకం నగిషీ. అయినా నాలుగు అరలు చూసేసరికి ఎవరి చెయ్యి ఏదో తెలిసిపోతుంది. ఒకరి గీతలు సన్నగా, ఇంకొకరివి వడ్లగింజలంత.

ఆ గీతల దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. ఆ నగిషీని ‘తొబికన్నా’ అంటారు. అంటే ఎగిరే చిత్రిక. ముదురురంగు మట్టితో చేసిన పాత్ర మీద తెల్లమట్టి పూత వేస్తారు. అది సగం ఆరాక తిరుగుతున్న సారె మీద పెట్టి, స్ప్రింగులా వంగే సన్నటి ఇనుపబద్దను ఆనిస్తారు. పాత గడియారాల స్ప్రింగు ముక్కలతో కూడా ఈ పనిముట్టు చేసుకుంటారు. సారె తిరిగే కొద్దీ ఆ బద్ద టకటకా ఎగిరి పడుతుంది. పడ్డచోటల్లా తెల్లపూత లేచిపోయి కింద ముదురురంగు కనిపిస్తుంది. పాత్ర చుట్టూ గీతల వరుస తయారవుతుంది.

నేను చదివింది మెకానికల్. వర్క్‌షాప్ ల్యాబ్‌లో లేత్ మీద కడ్డీ తిప్పుతుంటే టూల్ వణికి అచ్చం ఇలాంటి గీతలే పడేవి. దాన్ని ‘చాటర్’ అంటారు. అది లోపం. కడ్డీ మీద చాటర్ కనిపిస్తే సార్ మార్కులు కోసేవాడు. ఇక్కడ ఆ వణుకునే అదుపులో పెట్టి మూడు వేళ్లతో ముగ్గులా దించుతున్నారు. బద్ద ఎంత వంగాలి, సారె ఎంత వేగంగా తిరగాలి, మట్టి ఎంత ఆరి ఉండాలి. ఈ మూడింట్లో ఏది తేడా వచ్చినా గీత చెడుతుంది. ఇదంతా ఏ పుస్తకంలోనూ చూసుకోకుండా చేతులకు తెలియాలి.

అరచెయ్యి కంటే కాస్త పెద్ద కంచం ఒకటి తీసుకున్నాను. 2,200 యెన్లు. మన డబ్బుల్లో 1,200 రూపాయల పైమాటే. కౌంటర్‌లో పెద్దావిడ దాన్ని కాగితాల్లో చుడుతూ ఏ దేశమని అడిగింది. ఇండియా అన్నాను. వచ్చీరాని జపనీస్‌లో మా తాత కూడా కుండలు చేసేవాడని చెప్పాను. ఆవిడ చుట్టడం ఆపి, ఎంతో ఇష్టంగా అడిగింది: “అలాగా! మీ ఊరి పాత్రల పేరేంటి?”

జవాబు లేదు నా దగ్గర. జపాన్‌లో మట్టిపాత్రలకు ఊరి పేరే ఇంటిపేరు. కొయిషివర పాత్రలు, ఇమారి పాత్రలు, మషికొ పాత్రలు. మనకూ ఊరి పేరు మోసే వస్తువులు లేకపోలేదు. కొండపల్లి బొమ్మ, ఏటికొప్పాక లక్కబొమ్మ, పోచంపల్లి చీర, మంగళగిరి చీర. కుండకు మాత్రం అలా ఊరి పేరు పెట్టి పిలవడం మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు. తాత చేసినవి ఉత్త కుండలు. నీళ్లకుండ, పెరుగుముంత, కూరచట్టి, పెళ్లికి అరివేణి కుండలు, కార్తీకమాసానికి ప్రమిదలు. చేసినవాడి పేరు గానీ ఊరి పేరు గానీ వాటి మీద ఎక్కడా ఉండదు. “కుండలు” అని మాత్రం చెప్పాను. ఆవిడ తల ఊపి, కంచం చేతికిచ్చింది.

తిరుగుదారిలో నన్ను తొలిచింది ఇదే. మా తాత పనితనంలో తక్కువేం కాదు. చేత్తో సారె తిప్పి, చెక్కబద్దతో తట్టి తట్టి, అట్టంత పల్చటి గోడతో నీళ్లకుండ తీసేవాడు. చెరువుమట్టి, వరిగడ్డి, పిడకలు తప్ప పెట్టుబడి లేదు. ఊళ్లో పంట వస్తే కళ్లంలో ఆయనకు మేర కొలిచేవారు. అల్యూమినియం వచ్చింది, స్టీలు వచ్చింది, ప్లాస్టిక్ బిందె వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది. మేర ఆగిపోయింది. నాన్న లారీ ఎక్కింది అప్పుడే. ఆయన చేసింది తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

అయితే కొయిషివరకూ ఆ స్టీలు, ప్లాస్టిక్ రాకుండా ఉన్నాయా? వచ్చాయి. 1682లో అప్పటి కురొద వంశపు ప్రభువు ఇమారి నుంచి కుమ్మరులను రప్పించడంతో అక్కడ ఈ పని మొదలైందంటారు. చాలాకాలం వాళ్లు చేసింది పెద్ద జాడీలు, సారా సీసాలు, రుబ్బుకునే పాత్రలు. వాటి అవసరం తగ్గిపోయాక ఊరు చేతులు ముడుచుకోలేదు. అదే మట్టి, అదే నగిషీ, అదే చెయ్యి. వస్తువు మాత్రం మారింది. జాడీలు పోయి కంచాలు, కాఫీ కప్పులు వచ్చాయి. చాలాచోట్ల సారెకు కరెంటు మోటారు వచ్చింది, కట్టెల బట్టీ పక్కన గ్యాసు బట్టీ వచ్చింది.

బయటి నుంచి సాయం కూడా అందింది. యనాగి సొయెత్సు, ఆయన మిత్రులు 1925లో ‘మింగెయి’ అనే మాట పుట్టించారు. అంటే జనం చేతిపని. పేరు లేని పల్లెటూరి కుమ్మరి చేసిన రోజువారీ గిన్నెలో అందం ఉందని, ఆ అందం వాడకంలోంచే వస్తుందని వాళ్లు వాదించారు. 1958లో బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శనలో కొయిషివర పాత్రలకు పెద్ద బహుమతి వచ్చింది. 1974లో చేతివృత్తుల కోసం ప్రభుత్వం చట్టం తెచ్చింది. మరుసటి ఏడాదే, మట్టిపాత్రల్లో మొట్టమొదట, కొయిషివర పేరు ఆ జాబితాకెక్కింది. ఏటా మేలోనూ అక్టోబరులోనూ ఊరంతా కలిసి పాత్రల సంత చేస్తుంది. ఇక రోడ్డు మీద స్టేషను ఉండనే ఉంది. టాయిలెట్ కోసం ఆగినవాడు కూడా ఒక కప్పు కొనుక్కుని పోతాడు.

ఒకే దారి ఉందని కాదు. కొండకు అవతలివైపు ఒంత అనే చిన్న ఊరుంది. కొయిషివర నుంచి వెళ్లిన కుమ్మరితోనే 1705లో అక్కడ పని మొదలైందని చెబుతారు. వాళ్లు ఇప్పటికీ మట్టిని వాగునీటితో నడిచే రోకళ్లతోనే దంచుతారు. బయటివాళ్లను పనికి పెట్టుకోరు. పాత్ర మీద ఎవరి పేరూ వేసుకోరు. అంతా ఊరి పేరు మీదే. 1954లో ఇంగ్లండ్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్ వచ్చి కొన్ని వారాలు అక్కడే ఉండి పనిచేశాడు. ఒక ఊరు మారి బతికింది, ఇంకో ఊరు మారకుండా బతికింది. రెండు ఊళ్లకూ ఉన్నది ఒక పేరు, ఆ పేరు వెతుక్కుంటూ వచ్చే కొనేవాళ్లు.

అలాగని అక్కడ అంతా పచ్చగా ఉందని చెప్పను. “కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు” అని మన సామెత. 2017 జులైలో కుండపోత వానలకు ఆ గ్రామంలో కొండచరియలు విరిగిపడ్డాయి. మనుషులు పోయారు. అటుగా వెళ్లే రైలుమార్గం దెబ్బతింది. చివరికి రైలు తిరిగి రానేలేదు. 2023 ఆగస్టు నుంచి దాని బదులు బస్సు నడుస్తోంది. రైలు పోయిన ఊరికి రోడ్డే దిక్కు. రోడ్డు పక్కన ఆ కొట్టు ఎంత విలువైనదో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

ఆ రాత్రి ముందు నాన్నకు వీడియో కాల్ చేసి కంచం చూపించాను. “ఎంతరా?” అన్నాడు. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. “మీ తాత ఎడ్లబండి నిండా కుండలేసుకుని సంతకు పోయేవాడు. ఈ ఒక్క కంచం డబ్బులకు మొత్తం బండి ఖాళీ చేసొచ్చేవాడు” అన్నాడు. తర్వాత, “వెనక్కి తిప్పు, అడుగు చూపించు” అన్నాడు. అడుగున బట్టీ ముద్ర ఉంది. దాన్ని దగ్గరగా పెట్టమని రెండుసార్లు అడిగాడు.

మర్నాడు బాబాయ్‌కి ఫోన్ చేశాను. తమ్ముణ్ని హైదరాబాద్ పొమ్మని నేను చెప్పలేనన్నాను. ఇంట్లో కూర్చుని అందరిలా కుండలు చేస్తే పూట గడవదన్న ఆయన మాట కూడా నిజమేనన్నాను. కాబట్టి మూడు పనులు చేసి చూద్దామని అడిగాను. ఒకటి, చేసిన ప్రతిదాని అడుగునా ఊరి పేరు ముద్ర పడాలి. రెండు, ఇవాళ్టి వంటింట్లో వాడేవే చెయ్యాలి. గ్యాసు పొయ్యి మీద నిలిచే కూరచట్టి, ఫ్రిజ్‌లో పట్టే పెరుగుగిన్నె లాంటివి. మూడు, హైవే పక్కన నీడ, కారు ఆపే చోటు ఉన్నచోట బల్ల వెయ్యాలి. బేరం లేదు, ధర రాసి పెట్టాలి. మొదటి ఏడాది బల్ల అద్దె నేను కడతాను.

“ఇదంతా అయ్యే పనేనా?” అన్నాడు బాబాయ్.

“తెలీదు బాబాయ్. కానీ ఒక ఊళ్లో అవుతుంటే కళ్లారా చూసొచ్చా.”

“అక్కడ గవర్నమెంటు ఉంది వెనకాల. మనకెవడున్నాడు?”

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అది మా ఒక్క ఇంటి ప్రశ్న కాదు కూడా. హైవేలు మనకూ ఉన్నాయి, వాటి పక్కన ఊళ్లూ ఉన్నాయి. ఆ ఊళ్లలో చేతిపని తెలిసినవాళ్లు ఇంకా కొందరు మిగిలున్నారు. వాళ్లకు సన్మానాలు, శాలువాలు అక్కర్లేదు. ఒక కప్పు కింద నాలుగు గజాల చోటు, పక్కన శుభ్రమైన టాయిలెట్ చాలు. ఆగిన కారులోంచి మనిషి దిగుతాడు. మిగతాది చెయ్యి చూసుకుంటుంది.

“సరే, వచ్చే ఉగాది దాకా చూద్దాం. ఆ తర్వాత మాత్రం నేను చెప్పిందే వినాలి వాడు” అన్నాడు బాబాయ్ చివరికి. ఫోన్ పక్కనే ఉన్న తమ్ముడు లాక్కున్నాడు. ఉద్యోగం మాటా ఎత్తలేదు, థ్యాంక్సూ చెప్పలేదు.

“అన్నా, ఆ గీతలు గీసే బద్ద ఎంత మందం ఉంటది? యాక్సా బ్లేడు విరగ్గొట్టి అరగదీస్తే సరిపోద్దా?”