ఖాళీగానే ఉన్నావుగా!

రిటైరయ్యాడు అనగానే తల నెరిసి, చేతికర్ర పక్కన పెట్టుకుని, అరుగుమీద కూర్చుని పేపరు చదువుకునే పెద్దమనిషి మీ కళ్లముందు మెదిలితే తప్పు మీది కాదు. నేను రిటైరయిన నాటికి నా వయస్సు 38 ఏళ్లు. తలలో ఒక్క తెల్ల వెంట్రుకయినా లేదు. మా అమ్మాయి మూడో తరగతి చదువుతోంది.

సైన్యంలో అంతే. దళంలో ఎప్పుడూ పడుచువాళ్లే ఉండాలని మనుషుల్ని పెందలాడే ఇంటికి పంపేస్తారు. నేను చేరిన రోజుల్లో సిపాయికి 15 ఏళ్ల సర్వీసు నిండితే పింఛనుకు హక్కు వచ్చేది. వైమానిక దళంలో నాబోటి ఎయిర్‌మన్‌కు మొదటి ఒప్పందమే 20 ఏళ్లు ఉండేది. 1998లో బెళగాం దగ్గర సాంబ్రాలో శిక్షణకు చేరినవాణ్ణి, జోధ్‌పూర్ ఎండా, తేజ్‌పూర్ వానా చవిచూసి, 2018లో సార్జెంటుగా బయటికొచ్చాను.

బయటికి రావడం కూడా ఒక తతంగమే. క్లియరెన్సు అని ఒక కాగితం చేతికిస్తారు. లైబ్రరీ, మెస్సు, స్టోర్సు, ఇలా గడప గడపకూ తిరిగి, "ఇతనినుంచి మాకు రావలసిన బాకీ ఏమీ లేదు" అని సంతకాలు పెట్టించుకోవాలి. ఆఖరి సంతకం పడ్డాక నాకు ఒళ్లు దూదిపింజలా తేలికయింది. లోకంలో ఎవరికీ ఏమీ బాకీలేని మనిషినని మురిసిపోయాను. రేపల్లె దగ్గర మా ఊళ్లో దిగాకగాని అసలు చిట్టా విప్పలేదు.

మొదటివారం పెద్ద అవస్థ. తెల్లవారుజామున నాలుగున్నరకే మెలకువ. గడ్డం గీసుకుని, బూట్లు మెరిసేటట్టు తుడుచుకుని వీధిగుమ్మంలో నిలబడితే, తీరా వెళ్లడానికి చోటు లేదు. పాలుపోసే అతను చూసి, "ప్రయాణమాండీ?" అన్నాడు. ఇరవై ఏళ్లు గంటకొట్టి లేపితే లేచినవాడికి, కొట్టేవాడు లేని గంట అంత తొందరగా ఆగదు.

ఆ ఖాళీని ఊరు ఇట్టే కనిపెట్టింది. "ఒరేయ్ అబ్బాయ్, ఖాళీగానే ఉన్నావుగా, ఆ పాసుపుస్తకం సంగతి ఆఫీసులో కాస్త కనుక్కో" అన్నాడు మా చిన్నాన్న. గుడి కమిటీవారికి లెక్కలు రాసేవాడు కావలసివచ్చాడు. సైన్యంలో చేరాలనే కుర్రాళ్లకు పరుగు నేర్పేవాడు కావలసివచ్చాడు. ఇక నా క్యాంటీను కార్డు! దానిమీద సబ్బులు అడిగేవారు కొందరైతే, గొంతు తగ్గించి సీసాలు అడిగేవారు ఎందరో. ఆ సరుకు మా కుటుంబానికే తప్ప ఇంకొకరికి ఇవ్వకూడదని చెబితే, "ఇరవై ఏళ్లు దేశాన్ని కాచావు, ఒక్క సీసా కాయలేవా?" అని నిష్ఠూరం.

సీసాలు తప్ప అన్నింటికీ సరేనన్నాను. ఎందుకంటారా? నాన్నకు కాలు విరిగిన ఏడు మా కోతలు కోయించి, ధాన్యం ఇంటికి చేర్చింది చిన్నాన్న. అమ్మ కంటి ఆపరేషనుకు గుంటూరు వెంటబెట్టుకు వెళ్లింది పక్కింటి మాస్టారు. నేను చెయ్యవలసినవన్నీ నా బదులు ఎవరో ఒకరు చేశారు. వాళ్లు అడిగితే కాదనడానికి నోరెలా వస్తుంది? వడ్డీతో సహా తీర్చేద్దామని సైకిలెక్కి ఊరంతా తిరిగాను.

అమ్మాయికి ఒక సైకిలు కొన్నాను. నేనే నేర్పుతానని మాట కూడా ఇచ్చాను. అది రెండు నెలలపాటు చుట్టిన అట్టలతోనే వరండాలో ఉంది. ఒకరోజు చిన్నాన్న పాసుపుస్తకం పనిమీద పోయి, చీకటిపడే వేళకు తిరిగొస్తున్నాను. చెరువుగట్టుమీద రెండు జడల పిల్ల ఒకతె రివ్వున ఎదురొచ్చింది. మా అమ్మాయే.

"ఎవరు నేర్పారే?" అన్నాను.

"పక్కింటి అన్నయ్య. నువ్వు ఖాళీగా లేవుగా నాన్నా!"

దానికి కోపం లేదు. మామూలుగానే చెప్పి వెళ్లిపోయింది. ఆ రాత్రి అన్నం పెడుతూ మా ఆవిడ అంది: "మీరు ఉద్యోగంలో ఉన్నప్పుడే నయం. ఏడాదికి 60 రోజుల సెలవు పెట్టి వస్తే, 60 రోజులూ మా దగ్గరే ఉండేవారు."

ముద్ద మింగుడుపడలేదు. ఊరి బాకీ తీర్చడానికి మళ్లీ ఇంట్లోనే అప్పు చేస్తున్నానని అప్పుడు తెలిసింది.

మర్నాడు చిన్నాన్న దగ్గరకు వెళ్లి, గుండె దిటవు చేసుకుని, "ఆదివారాలు మాత్రం నాకు కుదరదు చిన్నాన్నా" అన్నాను. అలుగుతాడనుకున్నాను. "సరేలేరా, శనివారం చూద్దాం" అని చుట్ట వెలిగించుకున్నాడు. పాసుపుస్తకం పనికి కృతజ్ఞత చెప్పబోతూ కాబోలు, కోతల సంగతి నేను ఎత్తితే, "ఏ కోతలూ?" అన్నాడు. ఆయనకు గుర్తే లేదు! లెక్క రాసిపెట్టుకున్నది నేనొక్కణ్ణే. ఆయన అడిగింది సాయమే గాని బాకీ కాదు.

సర్వీసులో ఉండగానే దూరవిద్యలో తెలుగు ఎం.ఏ. పూర్తిచేశాను. దాని పుణ్యమా అని మరుసటేడు పక్క పట్నంలో కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికింది. "పోనీ, సాయంత్రాలు ఖాళీయేగా?" అన్నారు ఊళ్లో. నవ్వి, కొన్ని సాయంత్రాలు వాళ్లకిచ్చాను, కొన్ని ఇవ్వలేదు. పింఛను ఇచ్చే సర్కారు ఏడాదికొకసారి నేను బతికే ఉన్నట్టు రుజువు అడుగుతుంది. ఇంట్లోవాళ్లు రోజూ అడుగుతారు, కాకపోతే నోరు తెరచి అడగరు.

అన్నిటికంటే తక్కువ అడిగినవాడు మా నాన్న. "ఖాళీగానే ఉన్నావుగా" అనని మనిషి ఊళ్లో ఆయన ఒక్కడే. ఒక సాయంత్రం పిలవకుండానే పొలానికి ఆయన వెంట నడిచాను. గట్టుమీద ఆగి, "ఏరా, ఏమన్నా పనిబడి వచ్చావా?" అన్నాడు.

"ఏమీ లేదు నాన్నా."

"అయితే కూర్చో" అని, భుజంమీద తువ్వాలు తీసి నాకు సగం పరిచాడు.

ఇప్పుడు మా అమ్మాయి ఇంటర్మీడియట్‌కు వచ్చింది. ఆదివారాలు నేను కాచుకుని కూర్చుంటాను గాని, తీరిక దానికే లేదు. ట్యూషన్లు, పరీక్షలు! నేను విసుక్కోను. ఎప్పుడో అరగంట దొరికితే, "నాన్నా, ఖాళీగానే ఉన్నావుగా, అలా చెరువుగట్టుదాకా వెళ్లొద్దామా?" అంటుంది. ఆ మాటకు మాత్రం నేను చేతిలో ఏ పని ఉన్నా కిందపెట్టి, చెప్పులు తొడుక్కుంటాను.