నేల కింద మొదలైన ఊరు

కాన్సస్‌లో ఎల్లిస్ దాటి ఉత్తరంగా వెళ్తే దారి పొడవునా గోధుమ చేలు, గడ్డి మెరకలే. చెట్లు వాగుల వెంబడే. నికోడెమస్ చేరామని బోర్డు చూశాకే తెలిసింది. సున్నపురాతి టౌన్‌షిప్ హాలు, చర్చీలు, పాత బడి, కొద్దిపాటి ఇళ్లు, అంతే ఊరు. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్లు 1877లో కెంటకీ నుంచి వచ్చి వేసుకున్న ఊరిది.

వాళ్లకు స్వేచ్ఛ వచ్చింది గానీ భూమి రాలేదు. తెల్లవాళ్ల పొలాలనే కోరుకు చేస్తే పంట చేతికొచ్చేసరికి అప్పే మిగిలేది. ఇక్కడైతే, 1862 నాటి హోంస్టెడ్ చట్టం కింద, ఐదేళ్లు కాపురముండి సాగు చేస్తే 160 ఎకరాలు సొంతం. వాన సరిగా పడని నేల అన్న సంగతిని ఊరి ప్రచారకులు ఎత్తనేలేదు.

హాల్లో గైడు, తొలితరంలో ఇక్కడికి వలసొచ్చిన విలియానా హిక్‌మన్ గురించి చెప్పారు. 1878లో ఎల్లిస్‌లో రైలు దిగేసరికి వాళ్ల బృందంలోని పిల్లలకు తట్టు సోకింది. చనిపోయిన కొందరిని అక్కడే పాతిపెట్టి మిగతావాళ్లు ముందుకు కదిలారు. ఊరేదని ఆమె అడిగితే భర్త నేలలోంచి లేస్తున్న పొగలు చూపించాడు. ఆమె ఏడ్చేసింది.

ఆ పొగ కిందివే ఇళ్లు. గట్టును తొలిచి గది చేసుకునేవారు. పైన కొమ్మలు, గడ్డి, మట్టి. పొయ్యి కూడా మట్టిగోడలోనే. కలప లేనిచోట అంతకన్నా తెలివైన ఇల్లు నాకు తోచడం లేదు: చలికి వెచ్చన, ఎండకు చల్లన. వానొస్తే మాత్రం పైనుంచి బురద కారేది. కట్టెలకు బదులు ఎండు పేడ, పొద్దుతిరుగుడు కాడలు మండించేవారు.

రోడ్డు పక్క గడ్డి దుబ్బు పట్టుకుని లాగాను, కదల్లేదు. ఇంత చిక్కటి వేళ్లను చాలామంది పారలతోనే తవ్వారు, అప్పట్లో ఊళ్లో గుర్రాలు మూడే. తొలి చలికాలం తిండి చాలలేదు. వేట నుంచి తిరిగొస్తున్న ఓసేజ్ ఆదివాసీ తెగవాళ్లు తమ మాంసంలో కొంత పంచి ఇచ్చారు. భూమి పోగొట్టుకున్నవాళ్లు, భూమి కోసం వచ్చినవాళ్ల ఆకలి తీర్చారు. చరిత్ర పుస్తకాల్లో ఈ మాట ఇంకా పెద్దగా రాయాలి.

1888లో రైలు మార్గం సాలమన్ నదికి అవతలి ఒడ్డున పడింది. దుకాణాలు అటు తరలిపోయాయి. పొలం ఉన్న కుటుంబాలు కొన్ని కదల్లేదు. ఏటా జులై చివర వాళ్ల వారసులు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికే వస్తారు.